ప్రతి సీజన్‌కీ ముందటోడి కంటే పెద్ద విలన్ రావాల్సిందేనా?

కొరివిదెయ్యం
దెయ్యాల సీరియల్ సూపర్‌నాచురల్ మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకుని కూర్చున్నా. మొదటి ఎపిసోడ్‌లో ఆ తొట్టి సీను గుర్తుందా? పసివాడి తొట్టి దగ్గర చీకట్లో ఎవరో నిలబడి ఉంటారు. మొగుడే కదా అనుకుని తల్లి వెనక్కి తిరుగుతుంది. కిందికి దిగి చూస్తే మొగుడు టీవీ ముందు నిద్రపోతుంటాడు. ఇక ఆవిడ మెట్లెక్కి పరిగెత్తే పరుగు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పసుపు కళ్ళ అజాజెల్‌ని మనకి తిన్నగా చూపించడానికే బోలెడు ఎపిసోడ్లు తీసుకున్నారు.

ఆ తర్వాత ఏమైంది? లిలిత్, లూసిఫర్, లెవయాథన్లు, మెటట్రాన్, దేవుడి తోబుట్టువు, ఆఖరికి సాక్షాత్తూ దేవుడు. 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు. విలన్ సైజు పెరిగేకొద్దీ నాకు భయం తగ్గుతూ వచ్చింది. దేవుణ్ణే ఓడించాక ఇంకెవర్ని దింపుతారు, ఆయన మేనేజర్నా?

గేముల్లోనూ ఇదే వరస మొదలైంది. సీజన్‌కో విలన్, వాడి పేరు మీద ఓ బ్యాటిల్ పాస్ (ఆ సీజన్ బహుమతుల కోసం కొనుక్కునే టికెట్), నాలుగు రోజులకి ఇంకోడు. రేపు ఏఐ విలన్లొస్తే వాళ్ళకి అసలు చావే ఉండదట. టీవీ పడ్డ గోతిలోనే గేములూ పడబోతున్నాయా, లేక నేనే ముసలాణ్ణయిపోయానా?

సేవ్‌పాయింట్_శీను
విలన్ పెద్దవాడైతే నష్టం లేదు. ఎక్కడ ఆపాలో తెలియకపోతేనే వస్తుంది చిక్కు. సూపర్‌నాచురల్ సృష్టికర్త క్రిప్కీ అయిదు సీజన్ల కథే అనుకున్నాడు. హీరో సామ్ లూసిఫర్‌ని తన ఒంట్లో పెట్టుకుని గోతిలోకి దూకేశాడు, అక్కడికి లెక్క సరి. మిగతా పది సీజన్లూ ఛానల్ వాళ్ళ లెక్క.

మెట్లకిందమనిషి
క్రౌలీ అనే దయ్యం నరకానికి రాజయింది ఆ "మిగతా పది"లోనే. కాస్త నోరు జాగ్రత్త.

కొరివిదెయ్యం
క్రౌలీ విలన్ ఏంటి బాబూ, ఇంటి అల్లుడిలా వచ్చిపోతుంటాడు.

లాగ్_లక్ష్మి
ఏడో సీజన్ లెవయాథన్లని అందరూ తిడతారు గానీ నాకు నచ్చారు. వాళ్ళ నాయకుడు డిక్ రోమన్‌కి కొమ్ముల్లేవు, పొగల్లేవు. సూటేసుకుని మీటింగులు పెట్టుకుంటాడు. జనాన్నంతా ఒక్కసారే చంపెయ్యడు కూడా, తినే తిండిలో ఏదో కలిపి మందకొడిగా చేసి మందలా మేపుదామని ప్లాను. ఆ నవ్వు చూస్తే లూసిఫర్ కంటే వీడే ఎక్కువ చిరాకు, ఎక్కువ భయం. ఇలాంటోళ్ళు మనకి నిజంగా తగులుతారు కాబట్టి.

ఉలిపికట్టె
దేవదూతల కంటే, మనుషుల కంటే ముందే పుట్టిన రాక్షసులు. బోరాక్స్ పోస్తే కాలిపోతారు. బట్టలుతికే సామానుతో చచ్చే విలన్‌కి భయపడమంటావా లక్ష్మీ?

లాగ్_లక్ష్మి
ఉప్పుతో పారిపోయే దెయ్యాలకి ఆరు సీజన్లు భయపడ్డావుగా.

మెట్లకిందమనిషి
😂 లక్ష్మక్కకి ఒకటి

పాతక్యాసెట్
మీరంతా 2005 నుంచి మొదలెడుతున్నారు. ఈ "సీజన్‌కో పెద్ద విలన్" పద్ధతికి ఊపు తెచ్చింది రక్తపిశాచుల్ని వేటాడే అమ్మాయి సీరియల్ బఫీ, 1997లో. ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు. అందులోనూ విలన్లు పెరుగుతూనే పోయారు. మొదట ముసలి రక్తపిశాచి, అయిదో సీజన్‌కి ఏకంగా ఓ దేవత, ఏడులో సాక్షాత్తూ చెడు అనేదే. కానీ ఇప్పటికీ ఎవర్నడిగినా చెప్పేది మూడో సీజన్ మేయర్ విల్కిన్స్ పేరే.

ఎందుకంటారా, ఒక సీను చెప్తా. ఆయన దగ్గర చేయాల్సిన పనుల చిట్టా ఒకటి ఉంటుంది. స్కౌటు పిల్లల్ని పలకరించడం, ఇంకెవరికో ఫోన్ చెయ్యడం, అజేయుడు కావడం, స్కూలు తల్లిదండ్రులతో మీటింగు, క్షవరం. ఆ "అజేయుడు కావడం" పక్కన పెన్నుతో టిక్కు పెట్టుకుంటాడు. ఆయనకి సూక్ష్మక్రిములంటే భయం, ఎవరైనా బూతు మాట్లాడితే నచ్చదు. తన దగ్గర పనిచేసే ఫెయిత్ అనే పిల్లని నిజంగా కన్నకూతురిలా చూసుకుంటాడు. చివర్లో కొండంత పాముగా మారినా ఆయన్ని పడగొట్టింది ఆ ప్రేమే. ఫెయిత్‌ని పొడిచిన కత్తి చూపించి బఫీ రెచ్చగొడితే వెంటపడి వచ్చి బాంబులున్న లైబ్రరీలో ఇరుక్కున్నాడు. పాము సైజు ఎవరికీ గుర్తులేదు, ఆ కత్తి గుర్తుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ సీరియల్లో నన్ను అందరికంటే ఎక్కువ భయపెట్టిన ఎపిసోడ్‌లో విలనే లేడు. బఫీ ఇంటికొచ్చేసరికి తల్లి సోఫాలో చనిపోయి ఉంటుంది. మామూలు జబ్బు. కొట్టడానికి ఎవడూ లేడు.

నిద్రలేనిరాత్రి
పాతక్యాసెట్ గారు రాస్తే నాకు మళ్ళీ చూడాలనిపిస్తుంది. రేపు ఆఫీసు ఉందండీ, కనికరించండి.

సేవ్‌పాయింట్_శీను
బఫీ ఏడో సీజన్ విలన్ మీద నాకో మాట. "ఫస్ట్"కి ఒళ్ళే లేదు, ఎవర్నీ ముట్టుకోలేదు. చచ్చినవాళ్ళ రూపంలో వచ్చి చెవిలో విషం పోస్తుంది, అంతే. కాగితం మీద అద్భుతం. తీరా చివరికి పోరాటం కావాలి కాబట్టి వేల పిశాచాల సైన్యాన్ని దింపారు. అక్కడ తుస్సుమంది.

కొరివిదెయ్యం
నేను చెప్పేదీ అదే శీనూ. సూపర్‌నాచురల్ ఏడో సీజన్లో లూసిఫర్ సామ్ భ్రమలో మాత్రమే ఉంటాడు. వేలు కూడా కదపలేడు. నిద్రపోనివ్వకుండా వాగుతూ, టపాకాయలు పేలుస్తూ ఉంటాడు. ఏది నిజమో తెలుసుకోవడానికి సామ్ అరచేతిలో గాయాన్ని బొటనవేలితో నొక్కుకుంటాడు. ఆ బొటనవేలు ఇచ్చిన భయం తర్వాత పదకొండో సీజన్లో వాడు నిజంగా తిరిగొచ్చినప్పుడు లేదు. పదమూడుకొచ్చేసరికి లూసిఫర్ అంటే కొడుకు కోసం దేబిరించే తండ్రి. వాణ్ణి చంపినప్పుడు "హమ్మయ్య" అనుకున్నా, కథకి కాదు, వాడి పరువుకి.

ఉలిపికట్టె
ఇదంతా సరే, వెక్నా సంగతేంటి? స్ట్రేంజర్ థింగ్స్ ఒకటి, రెండు, మూడు సీజన్లలో భయం ఎక్కడిదంటే, అటువైపు లోకంలో ఉన్నది ఏంటో మనకి తెలీదు. డెమోగోర్గన్ అనే మృగానికి పగ లేదు, ప్లాను లేదు, ఆకలి ఉందంతే. ఆకాశమంతా నల్ల పొగలా పరుచుకున్న ఆ మైండ్ ఫ్లేయర్‌కి మొహమే లేదు. 2022లో నాలుగో సీజన్ వచ్చి "ఇదిగో వెక్నా, వీడి అసలు పేరు హెన్రీ, చిన్నప్పుడు ఇలా జరిగింది, ఆ నల్ల పొగని సాలీడులా మలిచింది కూడా వీడే" అని ఆధార్ కార్డు తీసి చూపించింది. అక్కడితో నా భయం పోయింది. అయిదో సీజన్లో ఇంకా...

స్పాయిలర్_పోలీస్
ఆగు. అయిదో సీజన్ గురించి ఒక్క ముక్క రాస్తే ఊరుకోను. ఇంకా చూడలేదు.

ఉలిపికట్టె
చివరి ఎపిసోడ్ 2025 డిసెంబరు 31న వచ్చింది స్వామీ!

స్పాయిలర్_పోలీస్
అయితే?

నిద్రలేనిరాత్రి
నేను వెక్నా పక్షం. పేరుంది, గతం ఉంది, నిజమే. కానీ వాడు ఎవర్ని ఎంచుకుంటాడో చూడు. లోపల ఏదో తప్పు చేశానని కుమిలిపోయేవాళ్ళని. ముందు తలనొప్పి, ముక్కులోంచి రక్తం, పీడకలలు, ఆ తర్వాత గోడ గడియారం గంటలు. మాక్స్ అనే పిల్లకి ఆ గంటలు వినపడ్డాక కూర్చుని ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ ఉత్తరాలు రాస్తుంది. డెమోగోర్గన్‌తో ఆ ఉత్తరాల సీను రాయగలవా? మృగం నుంచి పారిపోవచ్చు, వీడు లోపలికే వస్తాడు. పైగా ఆ ఒంటిమీద ఉన్నది చాలావరకు నిజం మేకప్పే, నటుడు గంటల తరబడి కూర్చుని వేయించుకున్నది. కంటికి తెలుస్తుంది ఆ తేడా.

మెట్లకిందమనిషి
ఇద్దరూ కరెక్టే అంటే కొడతారా?

ఉలిపికట్టె
కొడతాం.

కంట్రోలర్_కన్నయ్య
మీరు గేముల దగ్గరికి ఎప్పుడొస్తారా అని చూస్తున్నా. టీవీ విలన్ ఎంత మొత్తుకున్నా మీ సోఫా దాకా రాలేడు. గేము విలన్ వస్తాడు. 1998లో మెటల్ గేర్ సాలిడ్‌లో సైకో మాంటిస్ అనే విలన్ మనసు చదువుతానని చెప్పి మన మెమరీ కార్డు చదివేవాడు. అందులో అదే కంపెనీ గేముల సేవ్‌లు ఉంటే "నీకు ఫలానా ఆట ఇష్టం కదూ" అని అడిగేవాడు. కంట్రోలర్ నేల మీద పెట్టమంటాడు, పెడితే అది గడగడా వణుకుతూ జరుగుతుంది. మనం ఏ బటన్ నొక్కినా వాడికి ముందే తెలిసిపోతుంది. కంట్రోలర్ పీకి రెండో పోర్టులో పెడితే గానీ దెబ్బ తగలదు. ఏ సీరియల్లో ఏ దెయ్యం చేసింది ఈ పని?

తర్వాత 2008లో నాలుగో భాగంలో వాడే మళ్ళీ వచ్చాడు. ప్లేస్టేషన్ 3కి మెమరీ కార్డు లేదుగా, చదవడానికి ఏమీ లేక నీరుగారిపోతాడు. పాపం.

పాతక్యాసెట్
కన్నయ్య చెప్పినదానికి తోడు అండర్‌టేల్ గేములో ఫ్లవీ అనే పువ్వు ఉంది, 2015. మొదట్లో టోరియల్ అనే తల్లిలాంటి ఆవిడతో పోట్లాడాలి. తెలీక చంపేస్తాం. మనసొప్పక సేవ్ లోడ్ చేసి ఈసారి వదిలేస్తాం. బయటికి రాగానే ఆ పువ్వు నవ్వుతుంది, చేసింది నాకు తెలుసు, చంపి వెనక్కెళ్ళి మార్చుకున్నావు అని. మనం గేము బయట చేసిన పని అనుకున్నది కూడా వాడి కథలో భాగమే. చిన్న బొమ్మల గేము, ఏ ఏఐ లేదు, ఒకరి తెలివి అంతే.

మొండి_బ్యాటరీ
ఏఐ లేదు అనేసరికి గుర్తొచ్చింది. ఏలియన్ ఐసొలేషన్ గేము (2014). దయ్యం కాదు, ఒప్పుకుంటా, కానీ భవిష్యత్తు విలన్లు ఎలా ఉండాలో అందులో ఉంది. రెండు మెదళ్ళుంటాయి. పైన ఒక డైరెక్టర్, దానికి మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుసు. కింద ఏలియన్, దానికి తెలీదు. పైవాడు "ఆ చుట్టుపక్కల వెతుకు" అని మాత్రం చెప్తాడు. వెతుక్కోవడం ఏలియన్ పని, కళ్ళతో, చెవులతో. మనకి ఊపిరాడట్లేదు అనిపించే స్థాయికి వస్తే డైరెక్టరే దాన్ని పైన గొట్టాల్లోకి పంపించేస్తాడు. ఆట సాగేకొద్దీ అది కొత్త పద్ధతులు బయటికి తీస్తుంది. అల్మారాలో నక్కి కూర్చుంటే ఊపిరి బిగపట్టాలి, అది తలుపు కంతల దగ్గర మొహం పెట్టి వాసన చూస్తుంది. నేను దాన్ని హెడ్‌ఫోన్స్ లేకుండా పట్టపగలే ఆడా.

మెట్లకిందమనిషి
పట్టపగలు, లైట్లన్నీ వేసుకుని, పక్కన ఎవరినో కూర్చోబెట్టుకుని అని పూర్తిగా రాయన్నా.

మొండి_బ్యాటరీ
అది నా పర్సనల్.

లాగ్_లక్ష్మి
అంటే తెలివైన విలన్ కంటే సగం గుడ్డి విలన్ మంచోడన్నమాట. దీన్నిబట్టి మాట్లాడే ఏఐ విలన్ల మీద నాకు పెద్ద ఆశ లేదు. 2025 మేలో ఫోర్ట్‌నైట్ గేములో స్టార్ వార్స్ విలన్ డార్త్ వేడర్‌ని పెట్టారుగా, మనం మైకులో ఏదడిగితే దానికి సినిమాల్లో వేడర్‌కి గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతుని ఏఐతో చేసి జవాబిచ్చేవాడు. ఆయన అప్పటికే పోయారు, కుటుంబం ఒప్పుకుంది. ఏం జరిగింది? వచ్చిన రోజే జనం వాడి చేత బూతులు పలికించారు. కంపెనీ పరిగెత్తుకుంటూ వచ్చి ప్యాచ్ వేసింది. గెలాక్సీ మొత్తాన్ని వణికించినవాడు ఓ కుర్ర స్ట్రీమర్ చెప్పినట్టల్లా ఆడాడు.

కంట్రోలర్_కన్నయ్య
అది మొదటి ప్రయత్నం కదక్కా. పదేళ్ళు పోనీ. నువ్వు ఎలా ఆడతావో చూసి, నీ అలవాట్ల మీద కొట్టే విలన్ వస్తాడు. మాంటిస్ మెమరీ కార్డు చదివితే భలే అన్నాం, రేపటివాడు నీ గొంతులో వణుకు వింటాడు. అప్పుడు కూడా తప్పంటావా?

లాగ్_లక్ష్మి
గొంతు వింటే వింటాడు. చెప్పడానికి వాడి దగ్గర ఏముంది? మేయర్ చిట్టాలో క్షవరం అని రాసింది ఓ మనిషి. అది జోకు అని తెలిసి రాశారు. నేను అడిగినదానికల్లా జవాబిచ్చేవాడు విలన్ కాదు, కస్టమర్ కేర్.

అన్నట్టు వేడర్ సంగతి అక్కడితో అయిపోలేదు. నటుల సంఘం ఫిర్యాదు చేసింది, మాతో మాట్లాడకుండా మా పని మెషీన్‌కి ఇచ్చారని. అప్పటికి గేము నటులు సమ్మెలో ఉన్నారు కూడా. 2024 జులైలో మొదలై దాదాపు ఏడాది నడిచింది, ప్రధానంగా ఈ ఏఐ గొంతుల గొడవ మీదే. బాల్డర్స్ గేట్ 3 గేములో రఫాయెల్ అనే దయ్యం ఇంటికెళ్ళి వాడితో తలపడితే పోరాటం మధ్యలో వాడే తన గురించి తను పాట పాడుకుంటాడు. ఆ గొంతులో ఉన్న గర్వం ఓ నటుడిది. దాన్ని పక్కనపెట్టి "భవిష్యత్తు" అంటే నాకు ఎక్కదు.

సేవ్‌పాయింట్_శీను
లక్ష్మితో సగం ఒప్పుకుంటా. మాట మనిషి రాయాలి, కానీ పగ మెషీన్ గుర్తుపెట్టుకోవచ్చు. షాడో ఆఫ్ మోర్డార్ గేము (2014) చేసింది అదే. నన్ను చంపిన పనికిమాలిన ఆర్క్ (రాక్షస జాతి) సైనికుడు ప్రమోషన్ కొట్టి కెప్టెన్ అవుతాడు. మళ్ళీ ఎదురైతే పోయినసారి ఎలా చంపాడో ఎత్తిచూపి వెక్కిరిస్తాడు. నిప్పంటించి వదిలేస్తే కాలిన మొహంతో తిరిగొస్తాడు. ఒకడున్నాడు నాకు, ఈగల గురించి వాగేవాడు. కథలో అసలు విలన్ పేరు మర్చిపోయా, ఈగలవాడు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందున్నాడు.

ఇంత మంచి పద్ధతి వేరేవాళ్ళు ఎందుకు వాడలేదు అంటే, వార్నర్ వాళ్ళు పేటెంట్ పట్టుకున్నారు. 2021లో వచ్చింది, 2036 దాకా ఉంటుంది. అది తయారుచేసిన మోనోలిత్ స్టూడియోని 2025 ఫిబ్రవరిలో మూసేశారు. చేసినవాళ్ళు లేరు, కాగితం ఉంది.

నిద్రలేనిరాత్రి
ఇది చదివాక నిజమైన విలన్ ఎవరో అర్థమైంది.

స్పాయిలర్_పోలీస్
డిక్ రోమన్.

లాగ్_లక్ష్మి
చూశారా. చెప్తే నవ్వారు.

పదమూడో_అంతస్తు
ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేదాన్ని, ఇవాళ రాయాలనిపించింది. మీరంతా విలన్‌ని ఎదిరించడం గురించే మాట్లాడుతున్నారు. నేను డెడ్ బై డేలైట్‌లో ఎప్పుడూ కిల్లర్‌గానే ఆడతా. నలుగురు పారిపోతారు, నేను వెతుకుతా. డెమోగోర్గన్‌గా ఆడినప్పుడు తెలిసింది ఆ మృగం ఎంత ఒంటరిదో. తప్పించుకోవడానికి వాళ్ళు బాగుచేసే జెనరేటర్లు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి, నలుగురూ ఎక్కడో నవ్వుకుంటూ ఉంటారు, నేను చెమటలు కక్కుతూ పరిగెడుతుంటా. భయపడేది కిల్లరే అండి, నమ్మండి.

కానీ భవిష్యత్తు గురించి నా దిగులు వేరే. 2019లో వచ్చిన ఆ స్ట్రేంజర్ థింగ్స్ భాగాన్ని 2021 నవంబరులో అమ్మకం నుంచి తీసేశారు, లైసెన్సు ముగిసిందని. కొన్నవాళ్ళకి కిల్లర్ ఉండిపోయింది గానీ సీరియల్లోని హాకిన్స్ మ్యాపు పోయింది. మళ్ళీ 2023లో తిరిగొచ్చింది. ఇందాక విలన్లకి చావు ఉండట్లేదన్నారు. నాకు తెలిసిన విలన్ మాత్రం కాంట్రాక్టు అయిపోయి చచ్చి, కాంట్రాక్టు కుదిరి బతికాడు.

పాతక్యాసెట్
తరచూ రాయమ్మా. ఆ కోణం మాకెవరికీ తట్టలేదు.

మొండి_బ్యాటరీ
అది తిరిగొచ్చింది కాబట్టి సరిపోయింది. ది క్రూ అనే కార్ల గేము అయితే 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఒంటరిగా ఆడుకునే భాగం కూడా పోయింది. దాని తర్వాతే "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమం మొదలై యూరప్‌లో పది లక్షల సంతకాలు దాటింది. గూగుల్ వాళ్ళ గేముల సర్వీసు స్టేడియా 2023 జనవరిలో మూతపడింది, కాన్‌కార్డ్ గేము రెండు వారాలు బతికింది. డిస్క్ లేని కన్సోళ్ళు, సర్వర్ మీద నడిచే విలన్లు. బఫీ డీవీడీలు పాతక్యాసెట్ గారి దగ్గర ఇప్పటికీ ఆడతాయి. కన్నయ్య చెప్పే ఆ తెలివైన ఏఐ విలన్ పదేళ్ళ తర్వాత ఎవడి కంప్యూటర్లో ఉంటాడు? నెలనెలా వాడి ఖర్చు కంపెనీ భరించాలి. ఆట పాతబడితే ముందు పీకేసేది వాడి ప్లగ్గే.

కంట్రోలర్_కన్నయ్య
దానికి నా దగ్గర జవాబు ఉంది, ఏఐ మన మెషీన్‌లోనే నడిస్తే సర్వర్ అక్కర్లేదు. కానీ ఇప్పుడే మొదలెడితే తెల్లారుతుంది.

కొరివిదెయ్యం
శీనూ, ఆ ఈగలవాడి లాంటిది ఇంకెక్కడైనా ఉందా? పేటెంట్ ఉన్నా ఎవరో ఒకరు దగ్గర్లో ఏదో చేసే ఉంటారుగా.

సేవ్‌పాయింట్_శీను
అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో కిరాయి హంతకులు వెంటపడతారు, కానీ వాళ్ళకి పగ తక్కువ. నీకు కావాల్సింది వార్‌ఫ్రేమ్ గేములో కువా లిచ్ అనే శత్రువు. వాడు పుట్టడానికి కారణమే నువ్వు. ఒక చిన్న శత్రువుని నువ్వు ముగించే తీరు వల్ల వాడు నీకు శాశ్వత శత్రువుగా లేస్తాడు. గ్రహాలు ఆక్రమించుకుంటూ పోతాడు, నువ్వు అక్కడ ఆడి సంపాదించినదాంట్లో వాటా కొట్టేస్తాడు, మధ్యమధ్యలో తిడతాడు. చంపాలంటే మూడు మంత్రాలు సరైన వరసలో పడాలి. వరస తప్పితే మోకాలి మీద వేసుకుని నీ నడుం విరిచి, ఇంకా బలిసి వెళ్ళిపోతాడు.

కొరివిదెయ్యం
నా నడుం ఎందుకు మధ్యలో. డౌన్‌లోడ్ పెట్టా.

పదమూడో_అంతస్తు
చివర్లో వాణ్ణి చంపకుండా మన పక్కకి తిప్పుకోవచ్చు కూడా. తిప్పుకోండి. నేను తిప్పుకున్నవాడు అప్పుడప్పుడూ వచ్చి సాయం చేసి పోతుంటాడు.